చైనీస్ మాన్యువల్‌ను రెండు రంగుల్లో కొట్టిచ్చిన అనంతపురం డీటీపీ షాపు

నాకు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. కటింగ్ మిషన్ చైనాలోని ఫుజియన్ నుంచి తెప్పించుకున్నాం. అదే ఫుజియన్‌లోని షియామెన్‌లో ఏటా జరిగే రాళ్ల ఎగ్జిబిషన్‌కు పోయి వస్తూ, అక్కడి మిషన్ల వ్యాపారుల దగ్గరే చైనీస్ చదవడం నేర్చుకున్నాను. యాభై ఐదు దాటాక మాత్రం మాన్యువల్ తెరిస్తే కళ్లు అలసిపోతున్నాయి. అద్దాలు మార్పించినా పెద్ద తేడా రాలేదు. అందుకే మాన్యువల్ మొత్తాన్ని పెద్దక్షరాల్లో, ఒక మాట నలుపు, పక్క మాట ఇంకో రంగు వచ్చేలా మళ్లీ కొట్టించాను. ఆ పని చేసింది క్లాక్ టవర్ దగ్గర సందులోని చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. చాలా బాగా చేశారు.

ఎందుకింత అవసరమంటే, చైనీస్‌లో మాటల మధ్య జాగా ఉండదు. మా మాన్యువల్‌లోనే మిషన్ ఆయిల్ అనే మూడక్షరాల మాట, దాని వెంటనే ఆయిల్ లెవెల్ అనే రెండక్షరాల మాట వస్తాయి. మొదటి మాట చివరి అక్షరం, రెండో మాట మొదటి అక్షరం ఒకటే. అక్షరం జంటగా కనపడగానే మాట ఎక్కడ తెగుతుందో తెలియక చూపు ఆగిపోతుంది. మిషన్ ఆగి, కూలీలు నిలబడి చూస్తున్నప్పుడు ఆ ఆగడమే టెన్షన్.

దీని మీద మంచి పరిశోధనలున్నాయి. 2008లో షుయేజున్ బై, కీత్ రేనర్ తదితరులు చైనీయులు చదివేటప్పుడు వాళ్ల కంటి కదలికలు కొలిచారు. మాటల మధ్య జాగా పెట్టినా వాళ్లకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అక్షరం అక్షరానికీ జాగా పెడితే మాత్రం వేగం తగ్గింది. 2012లో చైనీస్ నేర్చుకునే అమెరికన్, కొరియన్, జపనీస్, థాయ్ విద్యార్థులతో చేసిన పరిశోధనలో మాటల మధ్య జాగా వాళ్లందరికీ సాయపడింది. నాలాగా బయటినుంచి నేర్చుకున్నవాళ్లకు అసలు కబురు ఇదే. ఆ జాగా చేసే పనినే నేను రంగుతో చేయించుకున్నాను. ఇక వయసు సంగతి. ఇంగ్లిష్ చదివే పెద్దవాళ్లు కొన్ని మాటలు దాటేసి ఊహించుకుంటూ పోతారట. చైనా పెద్దవాళ్లు దాటేయడం తక్కువ, మాటమాటా చూసుకుంటూ నెమ్మదిగా పోతారు. గీతలు కిక్కిరిసిన అక్షరాల దగ్గర కుర్రవాళ్లకంటే వాళ్లకే ఎక్కువ కష్టం.

షాపులో డీటీపీ చేసే అమ్మాయికి చైనీస్ ఒక్క ముక్క రాదు. "సార్, మాట ఎక్కడ తెగుతుందో పెన్సిల్‌తో గీత పెట్టి ఇవ్వండి, రంగు నేను వేస్తా" అంది. నా గీతల ప్రకారం పేజీ తర్వాత పేజీ ఒక్క మాట తప్పకుండా వేసింది. ఆ ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలి. మొదటి ప్రూఫులో అక్షరాల బదులు డబ్బాలు వచ్చాయి, ఎందుకంటే వాళ్ల దగ్గర ఉన్నవన్నీ తెలుగు ఫాంట్లే. గూగుల్, అడోబీ కలిసి 2014లో ఉచితంగా ఇచ్చిన చైనీస్ ఫాంటును అప్పటికప్పుడు ఎక్కించుకున్నారు. దానిలో గీతలన్నీ ఒకే మందం. పాత మాన్యువల్‌లోని సోంగ్ రకం ఫాంటులో అడ్డగీతలు వెంట్రుకల్లా సన్నగా ఉండి నా కంటికి మాయమయ్యేవి.

రంగు కూడా ఒకసారి మార్చాం. మొదట ముదురు నీలం వేశారు. వయసుతో కంటిలోని లెన్స్ పసుపెక్కుతుంది కాబట్టి ముదురు నీలం, నలుపు ఒకటిగానే కనపడతాయి. ఇటుక ఎరుపు వేయించాక తేడా వెంటనే తెలిసింది. మెరిసే కాగితం వద్దన్నాను, ట్యూబ్‌లైటు పడి కళ్లు చెదురుతాయి.

లోటు ఒకటుంది. చివరి పేజీల్లో ఎరుపు వెలిసినట్టు వచ్చింది. టోనర్ అయిపోతున్నా అలాగే కొట్టేశారు. చెప్పగానే ఆ పేజీలు డబ్బు తీసుకోకుండా మళ్లీ కొట్టిచ్చారు గానీ, తాడిపత్రి నుంచి ఇంకోసారి బస్సెక్కాల్సి వచ్చింది. రంగు ప్రింటు పేజీకి 15 రూపాయలు, టైపు సెట్టింగ్ వేరే.

చైనా నుంచి మిషన్లు తెప్పించుకున్నవాళ్లు, అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లలు ఈ షాపుకు పోవచ్చు. పెన్సిల్ గీతలు ఇంట్లోనే పెట్టుకుని, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోండి. పొద్దున పదకొండు లోపల పోతే ఆ అమ్మాయి తీరికగా దొరుకుతుంది, తర్వాత అప్లికేషన్ల రద్దీ మొదలవుతుంది.