మహాలక్ష్మి, పుణె, మలక్‌పేట: మూడు రోజుల్లో మూడు రేసు కోర్సులు

గుర్రప్పందేలంటే ఇష్టమున్న ఇద్దరు స్నేహితులు వానాకాలంలో ఒక వారాంతం కేటాయించుకోగలిగితే ఈ దారి పట్టండి: శుక్రవారం ముంబైలోని మహాలక్ష్మి, శనివారం పుణె, ఆదివారం హైదరాబాదులోని మలక్‌పేట. రేసుని ఫోన్లో కూడా చూడొచ్చు, గుర్రాన్ని మాత్రం ప్యాడక్ (రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి చూపే చోటు) కమ్మీ పట్టుకుని నిలబడే చూడాలి. ఈ మూడు చోట్లకీ ఇక్కడ మార్కులు వేసింది ఆ లెక్కనే. మొదటి స్థానం పుణెది. మలక్‌పేట దాని వెనకే ఉంది. మహాలక్ష్మికి ఈ కాలంలో ఒక గంట చాలు.

ముందు తేదీలు చూసుకోవాలి. ఈ తిరుగుడు చెడిపోతే చాలావరకు ఇక్కడే చెడుతుంది. ముంబై సీజన్ చలికాలంలో మొదలై వేసవిదాకా సాగుతుంది. పుణెలో జూలై నుంచి అక్టోబరు వరకు, సాధారణంగా శని ఆదివారాలు. హైదరాబాదు మాన్సూన్ సీజన్ కూడా దాదాపు ఆ నెలల్లోనే, ఎక్కువగా ఆది సోమవారాలు. ఒక ఊరి రేసులు ఇంకో ఊరి తెరల మీద చూపించి పందేలు కడతారు కాబట్టి రోజులు ఢీకొనకుండా రేసులు నడిపే క్లబ్బులు సర్దుకుంటాయి. ఏదో ఒక వారం మలక్‌పేటలో ఆదివారం ఖాళీగా ఉండి సోమవారమే రేసులుండొచ్చు. రెండు క్లబ్బుల క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని చూశాకే రైలు టికెట్లు తీయండి. పుణెలో వాన మరీ ఎక్కువైతే రేసులు వాయిదా పడతాయి, అందుకని రద్దు చేసుకోగలిగే గదే తీసుకోండి.

గురువారం మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబై. దాదర్‌లో దిగి వెస్టర్న్ లైన్ స్లో లోకల్ పట్టుకుంటే మూడో స్టేషన్ మహాలక్ష్మి. ఈ కోర్సు 1883 నాటిది, మెల్‌బోర్న్‌లోని కాల్‌ఫీల్డ్ మైదానం నమూనాతో కట్టారు. ఫిబ్రవరి మొదటి ఆదివారం ఇండియన్ డెర్బీ అనే పెద్ద రేసు జరిగేది ఇక్కడే. వానాకాలంలో గుర్రాలు పుణెలో ఉంటాయి, ఇక్కడ మిగిలేది పచ్చిక, పాత గ్రాండ్‌స్టాండ్, నడకకొచ్చిన జనం. కమ్మీ వెంట కాసేపు నడిచి, ఆఖరి మలుపు దగ్గర ఆగి గ్రాండ్‌స్టాండ్ వైపు చూడండి. 2400 మీటర్ల రేసులో గుర్రం ఊపిరి దాచుకోవాల్సింది ఎక్కడో, వదలాల్సింది ఎక్కడో ఆ దూరం చూస్తే అర్థమవుతుంది.

పుణెకి బస్సులూ క్యాబులూ ఎన్నో ఉన్నాయి గానీ సాయంత్రం 5:10కి ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో బయల్దేరే దక్కన్ క్వీన్ రైలుని వదులుకోవద్దు. 1930 జూన్ 1న మొదలైన ఈ బండి తొలిరోజుల్లో వారాంతాల్లోనే నడిచేది, ముంబై ధనవంతులు పుణె రేసులకి దీంట్లోనే వెళ్లేవాళ్లు. అంటే రేసుల కోసం ఎక్కడానికి ఇంతకంటే సరైన రైలు లేదు. కూర్చుని భోంచేసే బోగీ ఇప్పటికీ ఉంది. కర్జత్ దాటాక లోణావళా వరకు ఘాట్ ఎక్కుతుంది, వానల్లో ఆ కొండల నిండా జలపాతాలే. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో పుణె చేరుస్తుంది.

పుణె రేసు కోర్సు కంటోన్మెంట్‌లో, ఎంప్రెస్ గార్డెన్ పక్కన ఉంది. స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. మొదటి రేసుకి గంట ముందే లోపలుండాలి. మెంబర్ల స్టాండ్‌కి కాలరున్న చొక్కా, బూట్లు కావాలి. మామూలు ఎన్‌క్లోజర్‌కి వెళ్లేవాళ్లకి కూడా తడి నేల మీద చెప్పులకంటే బూట్లే నయం. గొడుగు వద్దు, రెయిన్‌కోటు తీసుకెళ్లండి. ప్యాడక్ పక్కన ఫట్‌మని గొడుగు తెరిస్తే అటు నడిచే గుర్రం అదిరి పక్కకి దూకుతుంది. బైనాక్యులర్స్ 8x42 సరిపోతాయి, 10x చేతిలో వణుకుతాయి.

గేటు దగ్గర ఆ రోజు గుర్రాల, జాకీల వివరాలుండే రేసు పుస్తకం కొనుక్కోండి, ఇక్కడ ఎక్కువమంది చేతిలో కనిపించేది కోల్ పుస్తకం. కొన్న వెంటనే బోర్డు చూసి తప్పుకున్న గుర్రాల్ని కొట్టేయండి, మారిన జాకీల పేర్లు దిద్దుకోండి. ఇది చేయనివాళ్లు మూడో రేసుకల్లా లేని గుర్రం కోసం వెతుకుతుంటారు. తర్వాత రెండు సంగతులు రాసుకోండి. ఒకటి పెనెట్రోమీటర్ రీడింగ్: బరువుని పై నుంచి వదిలితే కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చెప్పే అంకె. అది పెరిగిందంటే నేల మెత్తబడిందని అర్థం. గట్టి నేల మీద గెలుస్తూ వచ్చిన గుర్రానికి మెత్తటి నేల మీద కాలు దిగబడి జోరు తగ్గుతుంది. రెండోది ఫాల్స్ రెయిల్: లోపలి గడ్డి అరిగిపోకుండా కొన్ని మీటర్లు బయటికి జరిపి పాతే తాత్కాలిక కమ్మీ. దాన్ని తీసేసిన రోజున లోపలి పట్టీలో నలగని గడ్డి ఉంటుంది, జాకీలు ఎటు మొగ్గుతున్నారో మొదటి రెండు రేసుల్లోనే తెలిసిపోతుంది.

రేసుకీ రేసుకీ మధ్య అరగంట. ఇద్దరున్నందుకు లాభం కనిపించేది ఇక్కడే. ఒకరు ప్యాడక్ దగ్గర, ఒకరు గెలుపు స్తంభానికి కాస్త ముందు కమ్మీ దగ్గర నిలబడండి. తర్వాతి రేసుకి చోట్లు మార్చుకోండి. ఒంటరిగా వెళ్లినవాళ్లు రెండింటి మధ్యా పరిగెత్తి రెండూ సగం సగం చూస్తారు.

ప్యాడక్‌లో మొదట నడక చూడండి. ముందుకాలి డెక్క అచ్చు మీద వెనకకాలి డెక్క పడుతోందా, దాన్ని దాటి ఒక జానెడు ముందుకి పడుతోందా? దాటి పడితే వెనక భాగం వదులుగా, బలంగా కదులుతోందన్నమాట. తడి ఇసుక మీద ఆ అచ్చులు స్పష్టంగా కనిపిస్తాయి. తర్వాత చెమట. మెడ మీద తడి ఉంటే పుణె ఉక్క అనుకోవచ్చు, వెనక తొడల మధ్య సబ్బునురగలా తెల్లగా కారుతుంటే గుర్రం రేసుకి ముందే సగం అలిసిపోయిందని. చెవులు రెండూ ముందుకుండి, గుర్రాన్ని నడిపించే సయీసు చేతిలో పగ్గం వదులుగా ఉంటే మంచిది. ఇద్దరు సయీసులు చెరోపక్కా వేలాడుతూ నడిపిస్తుంటే దాని బలం అక్కడే ఖర్చవుతోంది. పక్కచూపు కనపడకుండా కళ్ల పక్కన పెట్టే గంతలు మొదటిసారి కట్టారేమో పుస్తకంలో చూసుకోండి, పక్కకి చూసి బెదిరే గుర్రం ఒక్కోసారి గంతలతో నిటారుగా పరిగెడుతుంది.

తరగతులు కూడా తెలిసుండాలి. గుర్రం సత్తాని బట్టి దానికిచ్చే అంకె రేటింగ్; ఒకే క్లాసులో రేటింగ్ ఎక్కువున్నది ఎక్కువ బరువు మోయాలి. ఇక్కడ మూడో క్లాసంటే 40 నుంచి 66 రేటింగ్, నాలుగోది 20 నుంచి 46. నాలుగులో గెలిచి మూడులోకి ఎక్కిన గుర్రానికి మోసే బరువు తగ్గుతుంది గానీ పక్కన పరిగెత్తేవి దానికంటే మేటివి. ఈ రెండింట్లో ఏది ఎక్కువ పనిచేస్తుందన్న వాదన ఏ రేసు కోర్సులోనైనా రోజంతా సాగుతుంది.

పుణె గుర్రాల గురించి ఇంకో మాట. 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ పెట్టింది పందెపు గుర్రాల్ని పెంచే పూనావాలా స్టడ్ ఫారం కుటుంబమే. పందేలకి, సంతానానికి పనికిరాని వయసొచ్చిన గుర్రాల రక్తం నుంచి అప్పట్లో విరుగుడు సీరం తీసేవారు, టీకాల కంపెనీ ఆలోచన అలా పుట్టింది.

రాత్రి పుణె నుంచి హైదరాబాదు బస్సు, పది పదకొండు గంటల ప్రయాణం. లక్డీకాపూల్ దాకా కూర్చోకుండా మియాపూర్‌లో దిగిపోండి. అక్కడ మెట్రో ఎర్ర లైన్ ఎక్కితే మారే పని లేకుండా మలక్‌పేటలో దించుతుంది. రేసులు మధ్యాహ్నం కాబట్టి స్నానం, నిద్ర, భోజనం అన్నిటికీ టైముంటుంది.

మలక్‌పేటకి రేసుల్ని తెచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 1886లో. ఇప్పుడున్న హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఏర్పడింది. మాన్సూన్ సీజన్లో పెద్ద రోజు దక్కన్ డెర్బీ, ఆనవాయితీగా అక్టోబరు 2న. ఆ రోజు జనం కిక్కిరిసి ఉంటారు, తొలిసారి వెళ్లేవాళ్లు మామూలు ఆదివారమే ఎంచుకోండి. పుణె అంత విశాలంగా, పచ్చగా ఉండదు. దానికి బదులు మన భాషలో మాట దొరుకుతుంది. ప్యాడక్ పక్కన నిలబడే పెద్దమనుషుల్ని "అన్నా, ఈ ఐదో నంబరు పోయినసారి ఎట్ల ఉరికింది?" అని అడిగితే నాలుగు రేసుల చరిత్ర చెప్తారు. 1100 మీటర్ల రేసులు ఇక్కడ తరచుగా ఉంటాయి, నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లకే అయిపోతాయి. అంత పొట్టి రేసులో గుర్రాలు బయల్దేరే గేటు దగ్గర ఒక అంగ పోగొట్టుకున్నా తేరుకోవడం కష్టం, కాబట్టి మొదటి రెండు వందల మీటర్లు తెర మీద చూసి, అప్పుడు కళ్లు మైదానం మీదికి తిప్పండి.

పందెం కడితే టోట్‌లో (అందరి పందేల డబ్బూ కలిపి గెలిచినవాళ్లకి పంచే కౌంటర్) చిన్న మొత్తంతో విన్ (గుర్రం మొదట రావాలి), ప్లేస్ (మొదటి కొన్నింటిలో ఉంటే చాలు) వరకే. క్వినెల్లాకి మొదటి రెండు గుర్రాలు ఏ వరుసలోనైనా చాలు, ఫోర్‌కాస్ట్‌కి వరుస కూడా కుదరాలి. టానాలాకి మొదటి మూడూ వరుసలో రావాలి. బోర్డు మీద డివిడెండ్, అంటే గెలిస్తే వచ్చే డబ్బు, పది రూపాయల లెక్కన వేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్‌టీ 40 శాతం, అదీ పందెం మొత్తం మీద. టికెట్ ధరలో పన్ను కలిసిందో లేదో కౌంటర్లో అడిగాకే డబ్బు తీయండి. ఆఖరి ఐదు నిమిషాల్లో కౌంటర్ దగ్గర క్యూ కదలదు, గుర్రాలు ప్యాడక్ వదిలేటప్పుడే వెళ్లిపోండి. రేసు ముగిశాక టికెట్ చించొద్దు. జాకీలు జీను పట్టుకుని మళ్లీ తూగాలి, ఎవరైనా అడ్డమొచ్చారని అభ్యంతరం పడితే గెలిచిన గుర్రాల వరుస మారిపోవచ్చు. ఫలితం ఖాయమైందని బోర్డు మీద ఆల్ క్లియర్ వచ్చేదాకా ఆ కాగితం జేబులోనే ఉండనివ్వండి.