రెండ్రోజుల అల్ట్రాసౌండ్ ట్రైనింగ్: పీహెచ్‌సీ డాక్టర్లు వెళ్ళొచ్చా?

పోయిన నెల బేగంపేట దగ్గర బెడ్‌సైడ్ అల్ట్రాసౌండ్ (పేషెంట్ మంచం దగ్గరే మనమే చేసుకునే స్కాన్) ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చా, ఎవరు పెట్టారో పేరు వద్దులెండి, తోటి డాక్టర్లు తెగ అడుగుతున్నారని రాస్తున్నా. మాది అచ్చంపేట వైపు పీహెచ్‌సీ. ఎంజీబీఎస్‌లో దిగి ఆటోకి బేరమాడి చేరేసరికి మొదటి క్లాస్ సగం అయిపోయింది, పోయిందేం లేదు, ఫిజిక్సే.

అసలు సరుకంతా మధ్యాహ్నం నుంచి. మిషన్‌కి నలుగురం. మాకు నేర్పిన సార్ మన చేతిలోంచి ప్రోబ్ (ఒంటి మీద ఆనించి స్కాన్ చేసేది) లాక్కోరు, నాకు అన్నిటికన్నా అదే నచ్చింది. నేను పక్కటెముక మీదే ప్రోబ్ పెట్టి ఐదు నిమిషాలు కొట్టుకుంటుంటే "కొంచెం కిందికి జరపండి డాక్టర్, డెప్త్ తగ్గించండి" అన్నారంతే, ప్లూరా, అంటే ఊపిరితిత్తి మీది పొర, తెల్లగీతగా చీమలబారులా మిలమిలా కదులుతూ కనిపించింది. ఆయాసంతో ముసలాయన వస్తే నీరు లాగే లాసిక్స్ వెయ్యాలా నెబులైజర్ పెట్టాలా అని మనం స్టెత్ పెట్టి తంటాలు పడతాం కదా, అక్కడ ఇది దేవుడే. రెండు వైపులా చాలాచోట్ల, పక్కటెముకల మధ్య ఒక్కో సందులో మూడు అంతకన్నా ఎక్కువ బీ-లైన్స్ (ఆ పొర నుంచి కిందికి దిగే తెల్లటి నిలువు గీతలు) కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో అనుకోవాలి, న్యుమోనియాలో కూడా వస్తాయి కాబట్టి పేషెంట్‌ని చూడకుండా స్క్రీన్‌నే నమ్మొద్దని పదిసార్లు చెప్పారు. శ్రీశైలం రోడ్డు మీద బైక్ యాక్సిడెంట్లు మాకు మామూలే, లివర్‌కీ కిడ్నీకీ మధ్య నల్లటి గీత కనిపిస్తే కడుపులో రక్తం అనుకుని లేటు చెయ్యకుండా పెద్దాసుపత్రికి పంపెయ్యడమే, మొదట కనపడకపోయినా కాసేపాగి మళ్ళీ చూడాలట.

సూది ప్రాక్టీసుకి చికెన్ బ్రెస్ట్‌లో నీళ్ళ బెలూన్ దూర్చి ఇచ్చారు. మా పక్కనున్న శాకాహారి మేడమ్‌కి ఫలూదాలో వేసే చైనా గ్రాస్‌తో చేసిన దిమ్మ!

ఇక లొల్లి ఎక్కడంటే, పీసీపీఎన్‌డీటీ (కడుపులో బిడ్డ ఆడో మగో చూడ్డాన్ని నిషేధించే చట్టం) సంగతి చివరి పది నిమిషాల్లో చెప్పారు, అప్పటికే సగంమంది లేచి వెళ్ళిపోయారు. 1994 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని చోట జేబులో పట్టే ప్రోబ్ కూడా కొని పెట్టుకోకూడదు. ఉత్త ఎంబీబీఎస్ వాళ్ళు గర్భిణులకి స్కాన్ చెయ్యాలంటే 2014 రూల్స్‌లో ఆరు నెలల ట్రైనింగ్ ఉంది, ఈ రెండ్రోజుల సర్టిఫికెట్ దానికి పనికిరాదు. ఈ ముక్క ఫీజు కట్టించుకునే ముందు చెప్పాలి కదండీ!

ఇంకోటి, ఊరెళ్ళాక మన స్కాన్లు చూసి తప్పొప్పులు చెప్పేవాళ్ళు లేరు. వాట్సాప్‌లో పెట్టమన్నారు, పేషెంట్ పేరు తీసేసి మూడు క్లిప్పులు పంపా, ఇప్పటిదాకా బ్లూ టిక్ కూడా రాలేదు. చెయ్యి కుదిరేది వందసార్లు చేస్తేనే, అందుకే మూడు స్టార్లే ఇస్తున్నా. మీ దగ్గర రిజిస్టరైన మిషన్ ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళండి, లేకపోతే ఆగండి, రెణ్ణెల్లలో అంతా మర్చిపోతారు.

వెళ్ళేవాళ్ళు లూజు చొక్కా వేసుకెళ్ళండి, మోడల్‌గా మనల్నే పడుకోబెడతారు, ఆ ఏసీలో చల్లటి జెల్ పొట్ట మీద పడితే, అదీ లంచ్‌లో బిర్యానీ దట్టించాక, అబ్బో.