రోసువాస్టాటిన్: ఎల్‌డీఎల్ దిగింది, ట్రైగ్లిజరైడ్స్ మొండికేశాయి

కొన్నేళ్లుగా రాత్రి భోజనం అయ్యాక రోసువాస్టాటిన్ 10 (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర) వేసుకుంటున్నాను. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) విషయంలో వంక పెట్టలేను, మొదటి రిపోర్టుకే సగానికి దగ్గరగా పడిపోయింది. ఒళ్లు నొప్పులూ లేవు. నా గొడవంతా రక్తంలో ఉండే మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్‌తోనే. నన్ను డాక్టర్ దగ్గరికి పంపినవే అవి. కాస్త దిగి అక్కడే కూర్చున్నాయి.

సంక్రాంతి తర్వాత చేయించిన రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ 462. దాని కింద ఎల్‌డీఎల్ గడి ఖాళీ! ఇదేంటని ల్యాబ్ కుర్రాడిని అడిగితే, "దాన్ని మేం కొలవం సార్, లెక్క కడతాం. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే లెక్క కుదరదు. డైరెక్ట్ ఎల్‌డీఎల్ అని వేరే టెస్టుంది, దానికి విడిగా కట్టాలి" అన్నాడు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతునీ తీసేస్తే మిగిలేదే ఎల్‌డీఎల్ అట. ఇన్నాళ్లూ మురిసిపోయిన అంకె ఇలా వచ్చిందన్నమాట. డబ్బు కట్టి చేయిస్తే 96 వచ్చింది. అంతకుముందు లెక్కలో 70ల్లో ఉండేది. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువుంటే లెక్క తక్కువ చూపిస్తుందట. కాబట్టి పైన "సగానికి" అన్నది కొంచెం తగ్గించి చదువుకోండి.

డాక్టర్ గారు థైరాయిడ్, షుగర్ కూడా చూశారు. షుగర్ బోర్డర్‌లో ఉంది. స్టాటిన్ ట్రైగ్లిజరైడ్స్‌ని 10 నుంచి 30 శాతం దాకా తగ్గిస్తుంది గానీ, దాని అసలు పని ఎల్‌డీఎల్ మీద, గుండెపోటు ముప్పు మీద అన్నారు. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే ప్యాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచే ప్రమాదం ఉంటుంది, అప్పుడు ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫెనోఫైబ్రేట్ మాత్ర ఆలోచిద్దాం, ముందు రాత్రి ఏం తింటున్నారో చెప్పండి అన్నారు. కూరన్నం, పైన పెరుగన్నం. పండగకి అరిసెలు, ఆదివారం రెండు పెగ్గులు. ఖర్చవ్వని పిండిపదార్థాన్ని లివర్ ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చేస్తుందట.

రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె, పప్పు పెట్టుకున్నాను. పెగ్గులు బంద్. వేసవికల్లా 210! మాత్ర అదే, డోసు అదే. మార్కులన్నీ జొన్నరొట్టెకే వేయాలనిపించింది.

అన్నట్టు, నొప్పులు లేవన్నాను కదా, ఈమధ్య మెట్లెక్కితే పిక్కలు పట్టేస్తున్నాయి. కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే టెస్టు నార్మల్. మాత్ర వల్లో, వయసు వల్లో తేలలేదు.

నేనైతే ఆపను. మా నాన్నకి యాభై నిండకుండానే స్టెంట్ పడింది, పైగా నా షుగర్ సంగతి చెప్పాను. మీ ఇంట్లో గుండె జబ్బులు లేక, ట్రైగ్లిజరైడ్స్ ఒక్కటే ఎక్కువుంటే, ఈ మాత్ర దేనికోసం రాశారో మీ డాక్టర్‌నే అడగండి. ల్యాబ్‌లో మాత్రం డైరెక్ట్ ఎల్‌డీఎల్ ఎంతో ముందే కనుక్కోండి.