వలస గద్దల లెక్కకు 8×42 బైనాక్యులర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. వలస వెళ్లే గద్దల్ని, డేగల్ని లెక్కపెట్టాలనుకునేవాళ్లు 8×42 బైనాక్యులర్ తీసుకోండి, 10×42 వద్దు. మొదటి అంకె పవర్, అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో; రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. "రెండు పవర్లు ఎక్కువ వస్తాయి సార్, రేటులో పెద్ద తేడా కూడా లేదు" అని షాపులో చెప్తారు. నేను రెండూ వాడాను. 10 పవర్‌ది మా బావమరిదికి ఇచ్చేశాను. చిలికాలో బాతుల్ని, కొంగల్ని తీరిగ్గా చూసుకోవడానికి అతనికి అది బాగానే పనికొస్తోంది. ఆకాశంలో గద్దల్ని వెతికి లెక్కపెట్టడం మాత్రం వేరే పని.

మాది బరంపురం. దసరా వెళ్లిన దగ్గర్నుంచి కార్తీకం అయ్యేదాకా వీలు దొరికితే చాలు, రంభ వైపు వెళ్లిపోతాను. అక్కడ ఒక పక్క చిలికా నీళ్లు, ఇంకో పక్క తూర్పు కనుమల గుట్టలు, రెండింటి మధ్య హైవే, హౌరా–చెన్నై రైలు పట్టాలు. ఉత్తరం నుంచి దిగి వచ్చే పక్షులకు ఈ సందు ఒక దారి. వెడల్పు రెక్కల పెద్ద గద్దలు రెక్కలు కొట్టుకుంటూ ఎక్కువ దూరం పోలేవు. ఎండకు నేల వేడెక్కాక పైకి లేచే గాలిని పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ ఎత్తు అందుకుని, అక్కడి నుంచి ముందుకు జారుతాయి. నీటి మీద ఆ గాలి సరిగా లేవదు కాబట్టి గుట్టల అంచు పట్టుకుని వస్తాయి. హారియర్లు, ఫాల్కన్లు అనే సన్న రెక్కల వేటపక్షులు అలా కాదు. రెక్కల సత్తువతోనే నీళ్లు దాటేస్తాయి. అందువల్ల రెండు పక్కలా కన్నేసి ఉంచాలి.

చూపు వెడల్పు విలువ తెలిసేది ఇక్కడే. నా 8×42 చూపు వెడల్పు 8 డిగ్రీలు. కిలోమీటరు దూరంలో దాదాపు 140 మీటర్ల మేర కనిపిస్తుంది. 10 పవర్‌ది 6.5 డిగ్రీలు, అంటే సుమారు 113 మీటర్లు. ఇంతేనా తేడా అనిపిస్తుంది. కానీ చూపు గుండ్రంగా ఉంటుంది కదా, అడ్డంగా నిలువుగా కలిపి చూస్తే ఒక్కసారికి కనిపించే ఆకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఉత్తరాన గుట్ట కొన నుంచి నీటి అంచు దాకా ఒక పట్టీ తుడిచి, కాస్త పైకెత్తి ఇంకో పట్టీ తుడుస్తూ వస్తాం. ఆ పని గంటల తరబడి చేసేవాళ్లకు ఒకటిన్నర రెట్లు చాలా పెద్ద తేడా. పైగా 10 పవర్‌లో చేతి వణుకు కూడా పదింతలై కనిపిస్తుంది. గంట గడిచేసరికి కళ్లు లాగేస్తాయి.

కొత్తవాళ్లకు ఒక మాట. మబ్బు లేని నీలాకాశంలో కంటికి ఆనవాలు దొరకదు, ఫోకస్ ఎక్కడో తప్పిపోతుంది. ముందు దూరపు గుట్ట మీద చెట్టుకో, తెల్ల మబ్బు అంచుకో ఫోకస్ పెట్టుకుని, చక్రం కదపకుండా వెతకండి. తెల్ల మబ్బులున్న రోజు గద్దలు ఎక్కువ వచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ రోజు మనకు ఎక్కువ కనిపిస్తాయి, అంతే. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా మంచి సమయం. మధ్యాహ్నానికి అవి ఎంత ఎత్తుకు పోతాయంటే 8 పవర్‌కీ అందవు, 10 పవర్‌కీ అందవు. ఇంకో సంగతి, గద్దలు సూర్యుడి పక్కనే తిరుగుతుంటాయి. బైనాక్యులర్‌తో సూర్యుడి వైపు క్షణం కూడా తిప్పొద్దు, కన్ను పోతుంది. ముందు సూర్యుణ్ని అరచేత్తో మూసుకుని, ఆ పక్కన ఏముందో మామూలు కళ్లతో చూసుకోండి.

42 మిల్లీమీటర్ల అద్దాన్ని 8తో భాగిస్తే 5.25. కంట్లోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు అన్నమాట. 10 పవర్‌లో అది 4.2 మాత్రమే. పట్టపగలు తేడా తెలియదు. సాయంత్రం చీకటి పడే ముందు, రెల్లు మీద రాత్రికి వాలడానికి మార్ష్ హారియర్లు చేరేటప్పుడు తెలుస్తుంది. రెక్కల్ని పైకి లేపి వీ ఆకారంలో పట్టుకుని, రెల్లు కొసలకు జానెడు ఎత్తున తేలుతూ వస్తాయి. కాళ్లు కిందికి దింపి, ఒక్క క్షణం గాలిలో ఆగి, మాయమైపోతాయి. ఆ వెలుగులో గోధుమ రంగు ఒంటి మీద పసుపు తెలుపు తల కనిపిస్తే ఆడదో పిల్లదో అని రాసుకోగలను. 10 పవర్‌తో చూసినప్పుడు అదంతా ఒకే నలుపుగా ఉండేది.

గుర్తుపట్టడానికి పవర్ చాలదని బెంగపడక్కర్లేదు. దూరం నుంచి గద్దను ఆకారంతో పట్టుకోవాలి, ఈకల రంగు తర్వాతి మాట. ఆస్ప్రే రెక్కలు మణికట్టు దగ్గర వంగి ఉంటాయి. నల్ల గద్ద తోక కొన చీలి ఉంటుంది. హనీ బజార్డ్ తల చిన్నగా, మెడ సాగి, పావురాన్ని గుర్తుచేస్తుంది. బూటెడ్ ఈగిల్ ఎదురుగా వస్తే మెడ పక్కన, రెక్క మొదట్లో రెండు తెల్ల మచ్చలు మెరుస్తాయి. ఆ మచ్చల్ని 8 పవర్‌తో మొదటిసారి స్పష్టంగా చూసిన రోజు నేను గట్టిగా అరిచేశాను.

ఇక మన్నిక. బరంపురం ఉప్పుగాలి సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అంతకుముందు నా దగ్గరున్న పాత రకం బైనాక్యులర్‌లో ఒక్క వానాకాలానికే లోపల బూజు పాకింది. సర్వీస్ సెంటర్‌కు పంపితే మూడు నెలలు పెట్టుకుని, అద్దాలు తుడవకుండానే తిప్పి పంపారు. అందుకే ఇది కొనేటప్పుడు లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసిందేనా అని చూసుకున్నాను. ఇన్నేళ్లలో లోపల చుక్క చెమ్మ లేదు. బయటి సంగతి వేరు. కంటికి ఆనే రబ్బరు కప్పు ఒకటి అంచు చిట్లింది. ఫోకస్ చక్రంలో ఇసుక రేణువులు చేరి, తిప్పుతుంటే కరకరమంటుంది. వాటర్‌ప్రూఫ్ కాబట్టి తీరం నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెడతాను. అద్దం మీది దుమ్ము ముందు ఊదాలి, ఆ తర్వాతే మెత్తని గుడ్డ. తువ్వాలు కొంగుతో తుడిచారంటే పూత గీరుకుపోతుంది. మెడకు వేసుకునే పట్టీ తీసిపారేసి, భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ కొనండి. 700 గ్రాములు మెడ మీద రోజంతా మోయడం నరకం.

దీనితో పాటు కొనాల్సింది ఒకటుంది. బొటనవేలితో నొక్కే స్టీలు కౌంటర్, నాలుగు అంకెలది. కళ్లు బైనాక్యులర్ నుంచి తీయకుండా లెక్కపెట్టాలంటే ఇదే దిక్కు. గుండ్రంగా తిరిగే గుంపును అక్కడే లెక్కపెట్టాలని చూస్తే లెక్క కుదరదు, అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కాస్త ఆగాలి. పై కొనకు చేరాక మేకలు కంత దాటినట్టు ఒకదాని వెనక ఒకటి వరసగా జారుతూ బయటపడతాయి. అప్పుడు నొక్కాలి. ఉప్పుకు కౌంటర్ తుప్పు పడుతుంది, సీజన్ ముందు ఒక చుక్క మిషన్ నూనె వేయాలి.

ఏది వలస గద్ద, ఏది ఊరి గద్ద అన్నదే అసలు చిక్కు. రంభలో పడవ నడిపే ఒక తెలుగు పెద్దాయన నాకు చెప్పిన మాట ఇప్పటికీ నా కొలత. "ఊరి గద్ద కిందికి చూస్తది బాబూ, పోయే గద్ద ముందుకే చూస్తది." తిండి కోసం తిరిగేవాటిని వదిలేసి, నేను అనుకున్న గీతను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటినవాటినే కలుపుతాను. దక్షిణం నుంచి వెనక్కి వచ్చినవాటిని తీసేస్తాను. గంటకో పేజీ. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత ఉంది అని పైన రాసి, ఇంటికొచ్చాక ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో గంటకో స్టేషనరీ లిస్టుగా, అంటే ఒకేచోట నిలబడి చూసిన లిస్టుగా ఎక్కిస్తాను. సున్నా వచ్చిన గంటను కూడా వదలను.

జార్జియాలోని బటూమిలోలా శరదృతువులో పది లక్షలు దాటే గద్దల్ని మన దగ్గర ఊహించుకోవద్దు. అక్కడ కొండలు, నల్ల సముద్రం కలిసి వాటిని ఒక్క సన్న దారిలోకి నెడతాయి. మన తీరంలో అవి చెదిరిపోయి వస్తాయి. అయినా లెక్క కావాలి. తెల్లవీపు రాబందులు 1992, 2007 మధ్య మన దేశంలో 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని చంపుతోందని తేలి, ఆ మందును పశువులకు వాడటాన్ని 2006లో నిషేధించారు. అప్పటికే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. చాలాచోట్ల పాత లెక్కలే లేవు, ఎంత పోయిందో చెప్పడానికి. అమెరికాలో హాక్ మౌంటెన్ అనే పక్షి సంరక్షణ కేంద్రం వాళ్లు 1934 నుంచి శరదృతువులో లెక్కపెట్టారు కాబట్టే, డీడీటీ పురుగుమందు కాలంలో పిల్ల డేగలు తగ్గిపోవడం అంకెల్లో కనిపించింది.

నాకు బాగా ఇష్టమైనవి అముర్ ఫాల్కన్లు. నూట యాభై గ్రాములుంటాయేమో, సైబీరియా, ఉత్తర చైనా వైపు నుంచి బయల్దేరి, నాగాలాండ్‌లో ఆగి, మన దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా చేరుతాయి. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వాటిని వలలు పన్ని వేలకు వేలు చంపారు. మరుసటి ఏడాదికల్లా ఆ ఊళ్లవాళ్లే ఆపేశారు. 2013 నవంబరులో అక్కడ మూడు పక్షులకు శాటిలైట్ పరికరాలు కట్టి, నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. మగదాని రెక్క కింద ముందు సగం తెల్లగా, వెనక సగం నల్లగా ఉంటుంది. ఎత్తున పోయే చిన్న ఫాల్కన్ చూపులోకి దొరికి, ఆ రెండు రంగులు విడిగా కనిపించాలంటే చూపు వెడల్పు, మంచి వెలుగు రెండూ ఉండాలి.

అక్టోబర్‌లో తుఫాను కబురు వస్తే మాత్రం ఎవరూ తీరానికి వెళ్లొద్దు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబర్ 11న. సరిగ్గా గద్దల సీజనే. గాలివాన వెలిశాక రెండు మూడు రోజులకు ఆకాశం తేటపడగానే ఆగిపోయినవన్నీ ఒక్కసారిగా కదులుతాయి, అప్పుడు వెళ్లండి.

కొనేవాళ్లకు: పదిహేను వేల నుంచి పాతిక వేల లోపు సీల్ చేసిన 8×42 మంచిది దొరుకుతుంది. కళ్లద్దాలున్నవాళ్లు ఐ రిలీఫ్, అంటే కంటికీ బైనాక్యులర్ అద్దానికీ మధ్య ఉండగల దూరం, కనీసం 16 మిల్లీమీటర్లు ఉందేమో చూసుకోండి, లేకపోతే చూపు అంచులు నల్లబడతాయి. రెండు కళ్ల చూపు తేడాను సరిచేసే డయాప్టర్ రింగు వదులుగా జారుతుంటే ఆ పీసు తీసుకోవద్దు. షాపు లోపల కాకుండా బయటికొచ్చి, ఎదురు మేడ మీద వైరు పైన వాలిన పక్షిని చూసి తేల్చుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువు దాటకముందే ఒక పొద్దున్నే బయట వాడి చూడండి. వినాయక చవితికే కొనేస్తే దసరా దాకా మీ ఊరి గద్దల మీద చెయ్యి అలవాటవుతుంది.