బ్లాక్ స్టార్ లైన్ పత్రాలు: ఒక ఆడిటర్ చదివితే

సహకార సంఘాల ఖాతాలు తనిఖీ చేస్తూ ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి. రాబర్ట్ హిల్ సంపాదకత్వంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించిన, జమైకాలో పుట్టి అమెరికాలో పేరుపొందిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ పత్రాల సంపుటాలను నేను తెరిచింది లెక్కల కోసమే. 1919లో న్యూయార్క్‌లో మొదలై 1922లో మూతపడిన ఆయన నౌకా సంస్థ బ్లాక్ స్టార్ లైన్ కథంతా మొదటి అయిదు సంపుటాల్లో దొరుకుతుంది.

నల్లజాతివారి సొంత ఓడల్లో అట్లాంటిక్ దాటి ఆఫ్రికా చేరాలన్నది గార్వీ ఆశయం. వాటా ఖరీదు 5 డాలర్లు. ఒక్కరికి 200 వాటాలకు మించి అమ్మరు. రెక్కల కష్టం మీద బతికేవాళ్లు కూడబెట్టి కొన్నారు. ఆ సొమ్ముతో కొన్న మొదటి ఓడ యార్మత్, 1887 నాటిది. దానికి 1,65,000 డాలర్లు ఒప్పుకున్నారు! కొనుగోలులో సలహాదారుగా ఉన్న కెప్టెన్ కాక్‌బర్న్ దళారి దగ్గర కమిషన్ తీసుకున్నట్టు తర్వాత కోర్టులో బయటపడింది. చివరికి ఆ ఓడ తుక్కు కింద 1,625 డాలర్లకు పోయింది. గార్వీ అమాయకంగా ఖర్చు పెట్టాడు, నిజమే. కానీ సంస్థను ముంచింది ఈ కొనుగోలే అని నా నమ్మకం. తర్వాతి రెండు ఓడలు నష్టాన్ని పెంచాయంతే.

పత్రాలన్నీ తేదీల వరుసలో ఉన్నాయి. కాబట్టి ఒక ఓడ ఖాతా చూడాలంటే చివరి సూచిక పట్టుకుని పేజీలు తిప్పాల్సిందే. సంపాదకుల వివరణలు మాత్రం అద్భుతం. అవి చదవకుండా ముందుకు వెళ్లవద్దు, ఎందుకంటే ఈ కాగితాల్లో చాలా భాగం ప్రభుత్వ గూఢచారుల నివేదికలు. గార్వీని అమెరికా నుంచి పంపేయడానికి తగిన నేరం ఇంకా దొరకలేదని అమెరికా న్యాయశాఖ అధికారి ఎడ్గర్ హూవర్ 1919 అక్టోబరులోనే విచారపడ్డాడు.

1923లో గార్వీ మీద జరిగిన కోర్టు విచారణ దగ్గర నాకు పట్టరాని కోపం వచ్చింది. వాటాల అమ్మకంలో తపాలా ద్వారా మోసం చేశాడన్న అభియోగానికి సాక్ష్యం, బెన్నీ డాన్సీ అనే వాటాదారుకు వచ్చిన ఖాళీ కవరు. పైన సంస్థ ముద్ర ఉంది, లోపల ఏముండేదో ఆయనకే గుర్తు లేదు. వోచరు లేని ఖర్చును నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇక్కడ ఉత్తరం లేని కవరు మీద అయిదేళ్ల శిక్ష వేశారు.

వెల ఎక్కువ కాబట్టి గ్రంథాలయంలో చదవడం మేలు. యార్మత్ కొనుగోలు ఉన్న రెండో సంపుటంతో మొదలుపెట్టి, విచారణ కోసం అయిదోది తీయండి.