సెకండ్‌హ్యాండ్ గేమింగ్ పీసీ కొనేముందు ఈ రెండు స్క్రీన్లు చూడండి

రాజమండ్రి, భీమవరం వైపు సెకండ్‌హ్యాండ్ గేమింగ్ కంప్యూటర్ వెతుకుతున్నవాళ్ళు ఇది చదివాకే డబ్బులు కట్టండి. మేం తిరిగి ఇచ్చేసిన కంప్యూటర్‌నే మళ్ళీ అమ్మకానికి పెట్టారు. తెల్ల క్యాబినెట్, ముందు మూడు ఫ్యాన్లు, అద్దం కింది మూలలో స్టిక్కర్ పీకిన మరక. "ఐ7, 16 జీబీ, విండోస్ 11, అన్ని గేమ్స్ ఆడుతుంది" అన్న పాత ప్రకటనే, అక్షరం కూడా మార్చలేదు. షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు అమ్మేది ఆ ఒక్క షాపే కాదు కాబట్టి పేరుకన్నా సంగతి తెలియడం ముఖ్యం.

రాజోలులో ఉండే మా మేనల్లుడి కోసం మా బావగారు కువైట్ నుంచి డబ్బు పంపి కొనిపించారు. లైట్లు వేస్తే అది పెళ్ళి మండపంలా వెలిగిపోయేది. షాపులో కౌంటర్ స్ట్రైక్ ఆడించి చూపించారు, బాగానే ఆడింది. కానీ వాడికి కావలసింది వాలొరాంట్. తేడా అక్కడే ఉంది. కౌంటర్ స్ట్రైక్ మెషీన్‌ని పెద్దగా ప్రశ్నలు అడగదు. వాలొరాంట్‌తో పాటు వచ్చే వాన్‌గార్డ్ అనే యాంటీ-చీట్ (గేమ్‌లో మోసాల్ని పట్టే ప్రోగ్రాం) అలా కాదు. విండోస్ లోడ్ అవుతున్నప్పుడే, గేమ్ తెరవకముందే, అదీ లోడ్ అవుతుంది. అందుకే అప్డేట్ అయ్యాక తరచూ రీస్టార్ట్ అడుగుతుంది. ఒకసారి అడిగితే మామూలే. రీస్టార్ట్ చేశాక మళ్ళీ ఎర్రర్ బాక్సే వస్తుంటే మాత్రం అందులో ఏం రాసుందో చదవాలి.

వీడు చదవలేదు. షాపుకి ఫోన్ చేస్తే "మీ నెట్ ప్రాబ్లమండీ, గేమ్ తీసేసి మళ్ళీ వేసుకోండి" అన్నారట. మా కోనసీమలో నెట్ మీదకి తోసేస్తే ఎవరైనా నమ్ముతారు, గాలేస్తే చాలు కొబ్బరి మట్ట పడి కేబుల్ తెగుతుంది కదా! పాపం, వాడు రాత్రంతా మేలుకుని అన్ని జీబీలూ మళ్ళీ దించుకున్నాడు. ఫలితం లేదు. అప్పుడు నాకు ఫోన్: "మావయ్యా, అప్డేట్ అవుతుంది, రీస్టార్ట్ అడుగుతుంది, మళ్ళీ అదే బాక్సు!"

బాక్సు ఫొటో పంపమన్నాను. వ్యాన్ 9001. టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే భాగం), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లోడ్ కానిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటేనే ఆడనిస్తానని దానర్థం. వ్యాన్ 9003 అయితే సెక్యూర్ బూట్ ఒక్కటే తక్కువ. ఈ రెండింటిలో ఏది వచ్చినా గేమ్ ఎన్నిసార్లు తీసి వేసినా ఉపయోగం లేదు, నెట్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఇక చూడాల్సిన రెండు స్క్రీన్లు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని టైప్ చేస్తే ఒక పట్టిక వస్తుంది. అందులో బయోస్ మోడ్ (కంప్యూటర్ ఆన్ అయ్యే పద్ధతి) ఎదురుగా యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని, సెక్యూర్ బూట్ స్టేట్ ఎదురుగా ఆన్ అని ఉండాలి. మా వాడిదాంట్లో మొదటిది లెగసీ (పాత పద్ధతి), రెండోది అన్‌సపోర్టెడ్. అలాగే టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొడితే వెర్షన్ 2.0 కనిపించాలి. మాకు కనిపించింది "కంపాటిబుల్ టీపీఎం కెనాట్ బీ ఫౌండ్", అంటే సరిపోయే టీపీఎం దొరకలేదని. ఇందాకటి ఎంఎస్ఇన్ఫో32 పట్టికలో ప్రాసెసర్ పేరు చూస్తే ఐ7 నిజమే, కానీ మూడో జనరేషన్, అంటే 2012 నాటిది. ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, ఎనిమిదో జనరేషన్ నుంచే. విండోస్ 11 వేసేటప్పుడు జరిగే ఆ తనిఖీని షాపువాళ్ళు దాటవేసి ఎక్కించేశారు. విండోస్ నడుస్తుంది, బ్రౌజర్ నడుస్తుంది, సినిమాలూ వస్తాయి. యాంటీ-చీట్ దగ్గరే దొరికిపోతుంది.

అన్ని 9001లూ ఇలాంటివి కావు. కొత్త మదర్‌బోర్డుల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉండొచ్చు. ఇంటెల్ అయితే పీటీటీ అని, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఆన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. కానీ లెగసీ మోడ్‌లో వేసిన విండోస్ ఉండగా నేరుగా యూఈఎఫ్ఐకి మార్చేస్తే కంప్యూటర్ బూట్ కాదు. ముందు డేటా వేరే డిస్కులోకి తీసుకుని, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో డిస్కుని యూఈఎఫ్ఐకి తగ్గట్టు మార్చాలి. ఎవరైనా బయోస్ అప్డేట్ చేద్దామంటే యూపీఎస్ లేకుండా ఒప్పుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే, మన వైపు కరెంటు సంగతి మీకు తెలిసిందేగా.

మా వాడి బోర్డుకి ఆ దారి కూడా లేదు. ఆ మాటే షాపుకి చెప్పాను. "ఆయ్, కంగారేం లేదండీ, బైపాస్ ఉంది. పదిహేను వందలు కొట్టండి, రిమోట్‌లో మావాడు చేసేస్తాడు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బైపాస్ అంటే ఎవరో తయారుచేసిన ఊరూపేరూ లేని ఫైలు. దాన్ని నడపాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. ఆ కంప్యూటర్‌లోనే బావగారి నెట్ బ్యాంకింగ్ కూడా తెరుస్తారు. పైగా యాంటీ-చీట్‌ని ఏమార్చబోయి పట్టుబడితే అకౌంట్‌తో పాటు మెషీన్‌ని కూడా నిషేధిస్తారు. ఇలా కంప్యూటర్‌ని రిమోట్‌లో వేరేవాళ్ళ చేతికిచ్చి ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నిషేధం అంటే గుర్తొచ్చింది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకి అసలు గొయ్యి ఇది. వ్యాన్ 152 అని వస్తే ఆ హార్డ్‌వేర్ మీదే నిషేధం ఉన్నట్టు. పాత యజమాని చీటింగ్ చేసి దొరికిపోయుంటే ఆ శిక్ష మదర్‌బోర్డుతో పాటు మీ ఇంటికొస్తుంది. మీరు కొత్త అకౌంట్ తెరిచినా వదలదు. అందుకే షాపులో వాళ్ళు చూపించే గేమ్ కాదు, మీ పిల్లలు ఆడే గేమ్‌నే అక్కడ తెరిపించి, ఒక మ్యాచ్‌లోకి వెళ్ళేదాకా చూడండి. వాలొరాంట్ ఒక్కటే కాదు, 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6కి సెక్యూర్ బూట్ ఉండాల్సిందే. అదే ఏడాది వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీకి టీపీఎం 2.0 కూడా కావాలి. "విండోస్ 10 వేసేస్తాం, సరిపోతుంది" అంటారేమో, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది.

బస్సెక్కి రాజమండ్రి వెళ్ళకముందే ఆ రెండు స్క్రీన్లూ వాట్సాప్‌లో వీడియో తీసి పంపమనండి. ఫొటో వద్దు, ఫొటో ఏ మెషీన్‌దైనా కావచ్చు. వీడియో క్యాబినెట్ దగ్గర మొదలై స్క్రీన్ దాకా ఆగకుండా రావాలి. పంపడానికి నసిగితే ఆ బేరం వదిలేయండి.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. మాకు ఇచ్చింది "ఎస్టిమేట్" అని రాసిన చీటీ. దాని మీద జీఎస్‌టీ నంబరు లేదు, ప్రాసెసర్ జనరేషన్ లేదు, ఒట్టి "ఐ7 పీసీ" అనే ఉంది. అదృష్టం కొద్దీ డబ్బు ఫోన్‌లో కట్టాం, ప్రకటన స్క్రీన్‌షాట్ మా వాడి దగ్గర ఉంది. ఆ రెండూ చూపించి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెడుతున్నామని చెప్పాక కొంత కోసుకుని మిగతాది వెనక్కి ఇచ్చారు. మీరు కొంటే జనరేషన్, బోర్డు మోడల్, "టీపీఎం 2.0 ఉంది" అన్న మాట బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే చీటీ అక్కడే పెట్టి వచ్చేయండి.