ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు: ఉద్యోగం చేస్తూ కథలు రాసేవాళ్లకి పనికొస్తుందా?

కాకినాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, రాత్రుళ్లు కథలు రాస్తాను. నా నెలంతా తేదీల చుట్టూ తిరుగుతుంది. 7లోపు టీడీఎస్ కట్టాలి, 11కి అమ్మకాల జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-1), 15కి పీఎఫ్, 20కి ఇంకో జీఎస్టీ రిటర్ను (3బి). ఆ 20 దాటాకే రాసుకోవడానికి నాలుగు రాత్రులు దొరుకుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అవీ ఉండవు. దొరికిన గంటలో కథ ఎంత ముందుకెళ్తుందన్నది చేతిలో ఉన్న పనిముట్టు మీద చాలా ఆధారపడుతుంది. అందుకే, ఏళ్లుగా వాడుతున్న ఇన్‌స్క్రిప్ట్ గురించి వివరంగా చెప్పాలనిపించింది.

భారతీయ భాషలకి ఒకే అమరిక ఉండాలని కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో తెచ్చిన కీబోర్డు ఇది. విండోస్‌లో ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతుంది. పైసా ఖర్చు లేదు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. కె మీద క, షిఫ్ట్‌తో ఖ. ఐ మీద గ, షిఫ్ట్‌తో ఘ. డి మీద పొల్లు ఉంటుంది, ఒత్తు కావాలంటే రెండు హల్లుల మధ్య దాన్ని నొక్కాలి. బడిలో నేర్చుకున్న వరసే కాబట్టి తర్కం తొందరగానే అర్థమవుతుంది. వేళ్లకి అలవాటు కావడమే ఆలస్యం.

అంతకు ముందు అందరిలాగే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేదాన్ని. "వీణ" రాయాలంటే ఎన్ పెద్దదా చిన్నదా అని ఆలోచించాలి. ఫోన్‌లో అయితే పైన కనిపించే పదాల్లోంచి ఒకటి ఏరుకోవాలి. వాట్సాప్ మెసేజ్‌కి అది బాగానే ఉంటుంది, కథ దగ్గరకొస్తే చాలదు. నాకసలు రాయడం వచ్చా, ఇదెవరు చదువుతారు, ఈపాటికి పడుకుని ఉంటే రేపు ఆఫీసులో బుర్ర పనిచేసేది కదా... ఈ ఆలోచనలన్నీ చెయ్యి ఆగినప్పుడే వస్తాయి. పదానికోసారి ఆగితే పదానికోసారి వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ వేళ్లకి పట్టుబడ్డాక అలా ఆగడం తగ్గింది. అనుమానం ఇప్పటికీ వస్తుంది, కాకపోతే పేరా అయ్యాక వస్తుంది. అప్పటికి తిరిగి చదివి దిద్దుకోవడానికి ఒక పేరా ఉంటుంది. నా వరకు ఈ కీబోర్డు చేసిన మేలంతా ఇదే, ఇది చిన్న మేలు కాదు.

నేర్చుకునే రోజులు మాత్రం కష్టం. మొదటి కొన్ని వారాలు పాత పద్ధతికి వెళ్లిపోదామని రోజూ అనిపిస్తుంది. కీల మీద స్టిక్కర్లు అంటించుకోకండి, చూపు కిందే ఉండిపోతుంది. అక్షరాల పటం ప్రింటు తీసి ఎదురుగా గోడకి పెట్టుకోండి. సాధనకి అర్థం లేని అక్షరాల వరసలు కొట్టే ఓపిక నాకు లేదు. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు) 1997లో స్థాపించిన కథల గ్రంథాలయం కథానిలయం వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు. అందులోంచి ఒక పేజీ తీసుకుని చూసి కొట్టేదాన్ని. చదివేటప్పుడు జారిపోయే వాక్యం కొట్టేటప్పుడు జారిపోదు. సంభాషణ ఎక్కడ ఆపారో, వర్ణన ఎంతలో ముగించారో వేళ్లకే తెలిసేది. కారా మాస్టారు కూడా బడిపంతులుగా ఉద్యోగం చేసుకుంటూనే రాశారని గుర్తొస్తే ఆ రాత్రి ఇంకో అరగంట కూర్చోబుద్ధయ్యేది.

యాస రాసేవాళ్లకి దీన్ని గట్టిగా చెబుతాను. మా గోదావరి వైపు ముసలమ్మ పాత్ర "సెప్పేనండి" అంటే, తెర మీద అచ్చంగా "సెప్పేనండి" అనే పడుతుంది. దిద్దేవాడు ఎవడూ ఉండడు. నోటితో చెప్పి టైప్ చేయించడం కూడా కొన్నాళ్లు చూశాను. వేగం బాగుంది గానీ అది యాసని పుస్తకాల భాషలోకి మార్చేస్తుంది. పైగా ఇంట్లో అందరూ వింటుండగా ఒక పాత్ర ఏడుపుని పైకి చెప్పడం నాకు కుదరలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. "ఆఫీస్‌లో" అని మామూలుగా కొడితే "ఆఫీస్లో" అని అతుక్కుపోతుంది. మధ్యలో కనపడని ఒక అక్షరం వెయ్యాలి, దానికి కీ మీద గుర్తేమీ ఉండదు. ఫోన్‌లో ఇన్‌స్క్రిప్ట్ నాకు నచ్చలేదు, కీలు మరీ చిన్నవి. ఇంకోటి, దీంతో వచ్చేది యూనికోడ్, అంటే ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌సైట్లలో అంతటా వాడే అక్షరాల పద్ధతి. పాత డీటీపీ (అచ్చు పేజీలు కంప్యూటర్లో కూర్చే పని) ఫాంట్లతో పేజీలు పెట్టేచోట మార్పిడిలో ఒత్తులు చెదరొచ్చు. అందుకని పత్రికకి కథ, అది నా సొంతమేనని రాసిచ్చే హామీపత్రం పంపేటప్పుడు వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జత చేస్తాను.

పంపాక జవాబు రాని నెలల్లో వచ్చే దిగులుకి మాత్రం ఏ కీబోర్డూ సాయం చెయ్యదు. అప్పుడు నాకు పనికొచ్చింది ఇంకో కథ మొదలుపెట్టడమే.

ఎప్పుడైనా ఓ కవితో, ఓ పేజీనో రాసుకునేవాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు, ఫోన్ చాలు. పెద్ద కథలు, నవల రాయాలని మనసులో ఉన్నవాళ్లు మాత్రం ఆఫీసు పని తేలిగ్గా ఉండే ఒక నెల చూసుకుని నేర్చుకోండి. ఆ నెల కొత్త కథేమీ పెట్టుకోవద్దు, నచ్చిన కథల్ని చూసి కొట్టండి చాలు.